గంట మోగితే మూసే మూత

లువాన్ షౌచెంగ్ నౌకాదళంలో ఉన్నన్నాళ్లూ ఒకరి మాట వినడమే తప్ప ఒకరికి చెప్పిన పాపాన పోలేదు. ఇంటికొచ్చాక పెళ్లాం మాట విన్నాడు. చేపల పడవల ఇంజన్లు బాగుచేసుకుంటూ షాన్‌డోంగ్ తీరంలోనే ముసలివాడయ్యాడు. తాను పనిచేసిన యుద్ధనౌకను మ్యూజియం చేసి రేవులో కట్టేశాక, వెళ్లి తుడుపుకర్ర అడిగి పుచ్చుకున్నాడు. "ఆ తుప్పు డబ్బాని వదిలి ఉండలేవుగా!" అని ఆవిడ ఎత్తిపొడిచింది. నిజమే, ఉండలేడు.

ఏటా ఆగస్టు ఒకటిన, సైన్య దినం నాడు, పాత సిబ్బంది నౌక మీద కలుస్తారు. ఆ ఏడు తాంగ్ దెషుయిని కూతురు హోంగ్‌మెయ్ వెంటబెట్టుకుని వచ్చింది. లువాన్‌కు ఇంజను పని నేర్పిన పెద్దమనిషి తాంగ్. ఇప్పుడు గుండె బాగోలేదు, మతి అంతకన్నా బాగోలేదు. కూతురు నీళ్ల సీసా కొనేలోపు నిచ్చెన దిగి ఇంజను గదిలోకి వెళ్లిపోయాడు.

"అన్నా, పైకి రా! ఉడికిపోతావక్కడ!" లువాన్ ఇంజను గదిలోకి దిగే కంతకున్న ఇనప మూత దగ్గర వంగి కేకేశాడు.

సరిగ్గా అప్పుడే మ్యూజియం అమ్మాయి సందర్శకుల సరదా కోసం ప్రమాద గంట మోగించింది.

ఆ గంట మోగితే, నీరూ నిప్పూ పాకకుండా పైనున్నవాడు మూత దించాలి, కిందున్నవాడు లోపలినుంచి బిగించాలి. కెప్టెన్ చెప్పేదాకా తియ్యకూడదు. లువాన్ ఏమీ ఆలోచించలేదు. చేతులే మూత దించేశాయి. ఆ చప్పుడికి ఉలిక్కిపడి చూసేసరికి, మూత అడుగునున్న గొళ్లెం పిడులు ఒక్కొక్కటే బిగుసుకుంటున్నాయి.

"చేతులింకా మర్చిపోలేదురోయ్!" అని ఎవరో నవ్వారు. లువాన్ మూత పట్టుకు లాగాడు. కదల్లేదు.

"అన్నా, తియ్యి! ఉత్తుత్తి గంట అది!"

"కెప్టెన్ చెప్పందే తియ్యను!" కిందనుంచి తాంగ్ గొంతు.

హోంగ్‌మెయ్ మోకాళ్ల మీద కూలబడింది. "నాన్నా! మాత్రలు నా దగ్గరే ఉన్నాయి నాన్నా!" అని ఇనుము మీద బాదింది. తర్వాత లువాన్ వైపు తిరిగింది. "ఎందుకు మూశావు బాబాయ్?"

లువాన్ మూతను మళ్లీ లాగి చూశాడు. లోపల గాలి ఆడదు. రెండో దారిని మ్యూజియం చేసినప్పుడే వెల్డింగ్‌తో మూసేశారు. గ్యాస్ కట్టరు పెడదామంటే అడుగున ఇంకా నూనె ఉంది, అంటుకుంటుంది. కెప్టెన్ పోయి ఏళ్లయింది. కింద తాంగ్ దగ్గుతున్నాడు, మధ్యమధ్య ఆ దగ్గు కూడా ఆగిపోతోంది.

లువాన్ పైకి పరుగెత్తాడు. కెప్టెన్ నిలబడే చోట, ఇంజను గదికి మాట చేరవేసే ఇత్తడి గొట్టం ఇంకా ఉంది. దానికి మూతి ఆనించాడు.

"ఇంజను గది, వినపడుతోందా?"

"చెప్పండి కెప్టెన్."

"అన్నా, నీకు దణ్ణం పెడతా, కాస్త పైకి..."

గొట్టంలోంచి "ఎవడ్రా నువ్వు?" అన్న మాట నీరసంగా వచ్చింది.

ఏ కెప్టెన్ బతిమాలతాడు? లువాన్ కళ్లు మూసుకుని, బతుకులో ఎన్నడూ ఎవరి మీదా అరవనంతగా అరిచాడు.

"తాంగ్ దెషుయి! ప్రమాదం తప్పింది! మూత తెరువు!"

మెట్లన్నీ దూకుతూ దిగొచ్చాడు. హోంగ్‌మెయ్ మూతకు చెవి ఆనించి ఉంది. కిందెక్కడో ఒక పిడి కిర్రుమంది, ఆగింది. మళ్లీ ఇంకొకటి.

మూత లేచింది. చెమటతో ముద్దయిన తాంగ్‌ను నలుగురూ పైకి లాగారు. హోంగ్‌మెయ్ మాత్ర నోట్లో పెట్టింది. తాంగ్ గోడ పట్టుకుని లేచి నిలబడి, లువాన్ ముఖంలోకి చూసి సెల్యూట్ చేశాడు.

"ఇంజను గదిలో అంతా క్షేమం కెప్టెన్. ఒక్క మనవి. మూత దగ్గర లువాన్ అని ఓ కుర్రాడుంటాడు. నన్ను లోపలుంచి మూత మూశానని కుమిలిపోతుంటాడు వెర్రినాయన. వాడినేమీ అనకండి. వాడు చెయ్యాల్సిందే చేశాడు."

"అనను" అన్నాడు లువాన్, ఏడుపు ఆపుకోలేక.