జవాబు పాదం

మూక్కమ్మాళ్, కన్నమ్మాళ్ అక్కచెల్లెళ్లు. ఇద్దరూ రాజపాళయంలో బ్యాండేజి గుడ్డ నేసే షెడ్డులో పనిచేసేవారు. చుట్టుపక్కల ఎవరు పోయినా ఒప్పారి పాడటానికి వాళ్లనే పిలిచేవారు. తమిళుల ఇంట్లో తమిళంలో, తెలుగువాళ్ల ఇంట్లో తెలుగులో శవం పక్కన కూర్చుని ఏడుస్తూ పాడేవారు.

ఆ పాట కట్టు వాళ్లమ్మ నేర్పింది. చెల్లెలు మూక్కమ్మాళ్ ఒక పాదం ఎత్తుకుంటుంది, అక్క జవాబు పాదం చెబుతుంది. ఎత్తుకున్న మాటలో రెండో అక్షరం ఏదో జవాబు మాటలోనూ అదే పడాలి. ఇద్దరికీ చదువు లేదు, దాన్ని 'జత' అనేవారు. చెల్లెలు 'పత్తి' అంటే అక్క 'కత్తి' అనో 'ఒత్తి' అనో వెంటనే అందుకునేది. ఎంత ఏడుపులోనూ కన్నమ్మాళ్ జత తప్పేది కాదు.

పోయిన ఆవణి నెలలో, వినాయక చవితి నాళ్లలో, కన్నమ్మాళ్ షెడ్డులోనే కుప్పకూలింది. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది. మర్నాడు పొద్దున ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని మూక్కమ్మాళ్ వైపు చూశారు.

"పత్తిచేలో పువ్వు రాలె, అక్కా" అని ఎత్తుకుంది. జవాబు చెప్పేంత సేపు ఊరుకుంది.

"మగ్గమాడే చేయి ఆగె, అక్కా." మళ్లీ అంతే సేపు మౌనం.

పక్కింటి మంగళం వంగి, "మరిచిపోయినావా? నేను చెప్పేదా?" అంది.

"వద్దు. అది అక్కది."

కన్నమ్మాళ్ కూతురు తేన్మొళి తల్లి తల దగ్గర ఉంది. వేరే ఊళ్లో బట్టల కొట్టులో పని ఆమెకు. ఒప్పారి అంటే సిగ్గు, ఎన్నడూ పాడలేదు.

"బండి వచ్చి నిలిచె, అక్కా, వాకిట్లో" అంది మూక్కమ్మాళ్.

"బువ్వ చల్లారిపోయె, అమ్మా, చట్టిలో."

గొంతు తేన్మొళిది. మూక్కమ్మాళ్ తలెత్తి చూసి, పాట సాగించింది.

పదహారో రోజు కర్మ అయ్యాక తేన్మొళి అడిగింది: "చిన్నమ్మా, ఆ పొద్దు నేను చెప్పినది తప్పా?"

"జత పడల. బండికి తిండి అని ఉండాల."

"తిండి నోటిదాకా వచ్చినది చిన్నమ్మా. చెప్పబుద్ధి కాలేదు. అమ్మ ఫోనులో ఎప్పుడూ బువ్వ తిన్నావా అనే కదా అడిగేది."

ఇరవయ్యారేళ్ల కూతుర్ని పసిబిడ్డలా అడిగే అక్క గొంతు మూక్కమ్మాళ్ చెవిలో మెదిలింది. "అట్లయితే అదే సరి. మార్చవద్దు" అంది.

తై నెలలో, సంక్రాంతి అయ్యాక, మంసాపురంలో ఒక ముసలి రైతు చనిపోయాడని కబురొచ్చింది. ఒంటరిగా వెళ్లనంది మూక్కమ్మాళ్. తేన్మొళి సెలవు పెట్టి ఆమెతో బస్సెక్కింది. దారి పొడుగునా పిన్ని 'ఏరు' అంటే తేన్మొళి 'నీరు', 'ఊరు' అని మెల్లగా వెతుక్కుంది. అక్కడ పాడుతున్నప్పుడు రెండుచోట్ల జత తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

పాట అయ్యాక రైతు భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగింది.

"కన్నమ్మాళ్ బిడ్డను" అంది తేన్మొళి.