బావ చెప్పులు, పెద్దాయన నీడలు

ఆ రోజుల్లో మాకు దుబాయ్ అంటే దాని పక్కనున్న అజ్మాన్‌లో ఎనిమిది మంచాల రేకుల గది. ఒక మహాదర్శకుడి కళ సముద్రం దాటి వెళ్లి మా ఊరినంతా ఎలా కుదిపేసిందో చెప్పే మహాగాథ ఇది. అబ్బే, అంత లేదు. ఇది మా బావ చెప్పుల కథ.

బావ అంటే మా పెద్దమ్మ అల్లుడు. ఇంకో రెండేళ్లుండి ఊళ్లో ఇంటికి స్లాబు పోయించాలని ఆయన ఆశ. అక్కేమో పంపిన ప్రతి ఆడియో క్యాసెట్‌లోనూ "తింటున్నవో పస్తులుంటున్నవో, ఇగ వచ్చెయ్" అని ఏడుపు. తను సుఖంగా ఉన్నట్టు కళ్లారా చూస్తే ఒప్పుకుంటుందని బావ వీడియో తీయించుకున్నాడు. తీసింది మా లేబర్ క్యాంపులోనే ఉండే, మాటకి ముందు 'యాంగిల్' అనే యాంగిలన్న. (అసలు పేరు పాస్‌పోర్టులో ఉంది, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే మా అరబ్బు యజమాని దగ్గర ఉంది.) మన సినిమాల్లో నీడలతో కథ చెప్పిన తొలి దర్శకుడికి ఆయన వీరభక్తుడు. మనిషికన్నా ముందు మనిషి లేని చోటు చూపించడం ఆ పెద్దాయన పద్ధతట.

శుక్రవారం అద్దె కెమెరాతో యాంగిలన్న నేలమీద బోర్లా పడుకున్నాడు. నేను టేబుల్ లైటు పట్టుకున్నాను. ముందు బావ ఖాళీ మంచం తీశాడు. తర్వాత మేకుకి ఊగుతున్న అంగీ. ఆ తర్వాత గడప దగ్గర చెప్పులు, వాటి బారెడు నీడ.

"అన్నా, నా మొకం ఎప్పుడు తీస్తవ్?" అన్నాడు బావ.

"ఆగు తమ్మీ. మొకం పాస్‌పోర్టు ఫోటోవాడు గూడ తీస్తడు."

"కొత్త చెప్పులన్న పెట్టన్నా?"

"వద్దు. అరిగినయే మాట్లాడ్తయ్."

(నాకు మాటలేమీ వినిపించలేదు. వాసన మాత్రం వచ్చింది.)

చివర్లో బావ కోడికూర తింటూ, నవ్వుతూ "నాకేం ఫికర్ లేదు" అన్నాడు. యాంగిలన్న "ఖలాస్!" అన్నాడు. సెలవుకి వెళ్తున్న ఊరివాడి చేతిలో క్యాసెట్ పెట్టి పంపాం.

వారం తిరక్కుండానే మేనేజరు, మేం ముదీర్ అనేవాళ్లం, సైటుకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ వెయ్యనివాడు. "తుమ్హారే గావ్ సే ఫోన్. బాడీ కబ్ భేజేంగే, పూఛ్ రహే." శవాన్ని ఎప్పుడు పంపుతారని మా ఊరివాళ్లు అడుగుతున్నారట!

"ఎవల బాడీ?" అన్నాడు పక్కనే సిమెంటు కలుపుతున్న బావ.

ముదీర్ వేలితో బావనే చూపించాడు. ఇద్దరం ఆఫీసుకి పరుగెత్తాం. బావ ఫోనందుకున్నాడు. అక్క గొంతు నాకూ వినపడుతోంది.

"నువ్వెవలు?"

"నీ మొగుణ్నే!"

"మజాక్ జెయ్యకు. మా ఆయన సచ్చిపోయిండు. ఊరంత టీవీల జూసినం. ఖాళీ మంచం, అంగీ, చెప్పులు. గా పెద్దాయన సిన్మాలల్ల గివి జూపెట్టినంక ఎవలన్న బతికిండ్రా?"

నేనూ బావా ముఖాలు చూసుకున్నాం. నిజమే, ఒక్కరూ బతకలేదు. ఆ పెద్దాయన భాషని మా ఊరు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని నేర్చుకుంది. యాంగిలన్నకన్నా బాగా నేర్చుకుంది.

"తర్వాత కోడికూర గూడ తిన్న గదనే!"

"సచ్చినోడు కోడికూరెట్ల తింటడు? నువ్వు మా ఆయనవే అయితే చెప్పు, మన పెండ్లిల ఏం పోగొట్టుకున్నవ్?"

బావ గొంతు సవరించుకున్నాడు. "చెప్పులు."

అవతల ముందు ఏడుపు. తర్వాత తిట్లు. (తిట్లు మొదలవగానే మా ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.) "మొకం జూసినంకనే నమ్ముత, రా" అంది అక్క.

బావ సెలవు పెట్టి వెళ్లి, మొహం చూపించి, నెలకి తిరిగొచ్చాడు. ఇంకో రెండేళ్లు ఉండటానికి అక్క ఒప్పుకుంది. బావ ఊళ్లో ఉన్న ఆ నెలంతా యాంగిలన్న క్యాంపంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు: "మూడు షాట్లతోని ఊరు ఊరునే ఏడిపిచ్చిన. గదీ పెద్దాయన కళ!"

"కళ గాదన్నా," అన్నాడు బావ సూట్‌కేసు దించుతూ. "మిగిలింది ఎవలు జూడనే లేదు. చెప్పులు రాంగనే కరెంటు వోయింది."

ఇప్పుడు పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లకి ఆ పెద్దాయన పేరు కూడా తెలియదు. అయినా మొదలుపెట్టేది ఖాళీ కుర్చీలు, గుమ్మం దగ్గర చెప్పులు, వాటి నీడలతోనే. ఫంక్షన్ హాల్లో తెరమీద అవి కనపడగానే అందరూ ఆహా అంటారు. నేను మాత్రం, ఈ వయసులో కూడా, లేచి వెళ్లి ఇన్వర్టర్ ఉందా అని అడిగి వస్తాను.

ఉందట. బ్యాటరీలో నీళ్లు పోయాలట.