ఒంటిగంటన్నరకు నేను నిర్మల్‌లో ఉన్నాను

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే రకం నేను. కరీంనగర్ బస్టాండులో కంట్రోలర్‌ని. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకోవడమే నా పని. టైం విషయంలో నన్నెవరూ ఏమార్చలేరని కొంచెం పొగరు కూడా ఉండేది.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆదిలాబాద్‌లో అక్క దగ్గర ఉండేది. క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు, నా భార్య ముందు నన్నేదో అన్నదని అవ్వ మీద గట్టిగా అరిచాను. తర్వాత అయిదు నెలలు ఫోన్ చేయలేదు. చేద్దామనుకుంటూనే మొండికేశాను.

మే నెలలో ఒక ఉదయం డ్యూటీలో ఉండగా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, అవ్వ పోయిందిరా. పొద్దుగాల లేపితే లేవలే."

"నేనొచ్చేదాక పెట్టె మూయకుండ్రి అక్కా," అన్నాను.

"జర జల్ది రా. ఎండలు మండుతున్నయి, ఒంటిగంటన్నర దాటితే ఆగుడు కష్టమని పాస్టరయ్య అంటుండు."

కారు దొరకలేదు. పది గంటల బస్సెక్కాను. జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్ మీదుగా అయిదు గంటల దారి. మూడుకు గాని చేరదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు. అవ్వ ముఖం చూసి, తప్పయింది అవ్వా అని ఒక్క మాట అనాలి. నాకు కావాల్సింది అంతే.

ఆర్మూర్ దాటాక ఉండబట్టలేక ఫోన్లో దూరం వెతికాను. విమానంలో అయితే అరగంట అని చూపించింది. ఈ రెండు ఊళ్ల మధ్య విమానమే లేదు. ఒళ్లు మండి ఫోన్ జేబులో పెట్టేశాను.

ఒంటిగంటా ఇరవైకి బస్సు నిర్మల్ బస్టాండులో ఆగింది. అక్కడి కంట్రోలర్ నాకు తెలిసినవాడే. నా ముఖం చూసి మంచినీళ్ల సీసా ఇచ్చాడు. అక్క ఫోన్ ఎత్తలేదు. ఒంటిగంటన్నరకు బస్సు కదులుతుంటే ఏడుపు ఆగలేదు.

ఇల్లు చేరేసరికి మూడుంపావు. సమాధుల తోట నుంచి అందరూ తిరిగొచ్చేశారు. గడపలో కూర్చున్న అక్క నన్ను చూసి, "మట్టి ఏసినంక ఎటు పోయినవ్ తమ్మీ? అందరం దేవులాడుతున్నం," అంది.

దుఃఖంలో మతి చెడిందనుకున్నాను. కానీ బావ కూడా, "ఒంటిగంటన్నరకు మూత పెడుతుంటె ఉరుక్కుంట వచ్చినవ్ గదా. నువ్వు చూసినంకనే మూసినం," అన్నాడు. పాస్టరయ్యదీ అదే మాట. నీలం చొక్కా అన్నారు. నా ఒంటి మీద ఉన్నదీ అదే.

బస్సు టికెట్ చేతిలో పెడితే బావ అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. ఎవరో తీసిన ఫోటో చూపించాడు. అందులో పెట్టె మీదికి వంగిన నీలం చొక్కా వీపు ఉంది. ముఖం లేదు. నా వీపు కాదని నేను గట్టిగా చెప్పలేను.

నాకే అనుమానం వచ్చి, తిరుగు ప్రయాణంలో నిర్మల్‌లో దిగి అడిగాను. "నీళ్లు తాగి ఏడ్చుకుంట బస్సెక్కినవ్ గదన్నా," అన్నాడా కంట్రోలర్.

రెండేళ్లయింది. ఆ వచ్చింది ఎవరో, ఎలా వచ్చాడో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. అక్క మాత్రం కలిసినప్పుడల్లా, "అవ్వ చెవి కాడ వంగి ఏమో చెప్పినవ్. ఏం చెప్పినవ్ తమ్మీ?" అని అడుగుతుంది. తప్పయిందని చెప్పాను అంటాను. "అవ్వ ఇన్నది తియ్," అని కళ్లు తుడుచుకుంటుంది.

ఆ మాట నేనైతే ఇంకా చెప్పలేదు.