సబ్మిట్ బటన్‌కు కొబ్బరికాయ

ఈ రోజు కిన్వట్‌లోని మా నెట్ సెంటర్‌కు మాండవి ఊరి నుంచి లక్ష్మీబాయి వచ్చింది. మోదుగాకు విస్తర్లు కుడుతుంది. విస్తర్ల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తేనే ఆశ్రమశాల హాస్టల్ వాళ్లు ఆర్డర్ ఇస్తారట, ఇవాళే ఆఖరి రోజు. నత్తనడక నెట్‌తో గంటసేపు కుస్తీపట్టి ఫారం నింపాను.

"ఇగ గీ బటన్ నీ చేతితోనే నొక్కు అక్కా" అన్నాను.

"ఆగు తమ్మీ, ఉత్తగెట్ల నొక్కుత?" అని బయటికి పోయి కొబ్బరికాయ తెచ్చింది. మౌస్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించి, గడప దగ్గర కాయ కొట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కింది. తర్వాత నొక్కింది. అప్పటికే టైమైపోయి పేజీ దానంతటదే మూసుకుపోయింది. నింపిందంతా మాయం! ఒళ్లు మండింది కానీ, ఆమె మొహం చూశాక మళ్లీ మొదటి నుంచి ఫారం నింపాను.

ఈసారి నేను చెప్పకముందే నొక్కేసింది. రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది.

"మరి మొక్కవా అక్కా?" అన్నాను.

"దేవుడు ఒక్కసారి చెప్తే ఇంటడు తమ్మీ. నీ కంప్యూటర్ డబ్బకే రెండుసార్లు చెప్పాలె."

ఆమె ఇచ్చిన కొబ్బరి ముక్క నములుతూ ఇది రాస్తున్నాను. మౌస్ మీది బొట్టు ఇంకా తుడవలేదు. మీరైతే తుడుస్తారా?