గాలి బయటికి పోని గది

2024 మే నెల. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ప్లాంట్ ఊళ్లో, కోహ్కా పేటలో, నా దుకాణం ముందు మధ్యాహ్నం మనిషి జాడ ఉండేది కాదు. నేను కూలర్లు అమ్ముతాను, బిగిస్తాను, ఏ గదికి ఎంత కూలర్ సరిపోతుందో లెక్క కడతాను. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. పాత మాన్యువళ్లు చదివి, రెండు థర్మామీటర్లు కొనుక్కుని, నా ఇంటి గదుల్లోనే కొలుచుకుంటూ నేర్చుకున్నాను.

ఒకరోజు ఊళ్లోనే ఇంకో పేట రుఆబాంధా నుంచి అప్పలనర్సమ్మ అత్త ఫోన్ చేసింది. మాకు చుట్టరికం లేదు. మా రెండు కుటుంబాలూ విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చినవి కాబట్టి ఈ పిలుపులు. ఆమెకు ఉబ్బసం. భర్త పైడిరాజు మావయ్య ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గును గాలి తగలకుండా మండే వేడిలో ఉంచి ఉక్కు కొలిమికి కావాల్సిన కోక్ చేసే చోట, పనిచేసి రిటైరయ్యాడు.

“బాబూ, ఓపాలి ఇటు రా. కూలరుంది గానీ మీ మావయ్య ఎయ్యనివ్వట్లేదు. నాకు ఊపిరాడట్లేదు.”

వెళ్లేసరికి మావయ్య బనీను తడిసిపోయి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. అందులో చర్చ నడుస్తోంది. ఉక్కు, సిమెంటు, బొగ్గు, వీటితో బతికిన తరం భూమిని కాల్చేసిందని ఒకావిడ చెబుతోంది.

“ఇన్నావా?” అన్నాడు మావయ్య. “ఆ తరం మనవే. అంత బొగ్గు కాల్సినోడిని, ఇప్పుడు సల్లగా కూలరేసుకుని కూకుంటే నన్నేటంటారు?”

“మావయ్యా, కూలర్‌లో ఉండేది ఒక ఫ్యాను, ఒక చిన్న పంపు. అది తినే కరెంటు…”

“నీ లెక్కా హిసాబూ నీ కాడే ఉంచు భయ్యా. ఆవిడ పెద్ద సదువు సదివింది.”

అత్త వంటింటి గుమ్మంలోనే కూలబడింది. ఆయాసపడుతూనే అంది: “బొగ్గు నువ్వు కాల్సినావు. నాను అన్నమే గదా వండినాను. నీ పాపానికి నాకెందుకు సెమట్లు?”

మావయ్య లేచి తనే కూలర్ స్విచ్ వేశాడు.

ఈ చర్చల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. వేడి పెరగడం లేదని నేను అనను; ఆకాశాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు. నా అనుమానం వాళ్ల మాట తీరు మీద. ‘మనం’ అని మొదలుపెడతారు, వేలు మాత్రం మావయ్యలాంటి పనివాళ్ల వైపే చూపిస్తారు. మావయ్య వాళ్లు చేసిన ఉక్కు పట్టాలైంది, వంతెనలైంది, ఆ స్టూడియో పైకప్పులోనూ ఉండే ఉంటుంది. ఒక మనిషి జీవితకాలపు పనిని రెండు ప్రకటనల మధ్య పాపమని తేల్చేయడం ఏ కొలతతో? పోనీ అని ఛానెల్ మారిస్తే అక్కడ ఇంకొకాయన, ఇదంతా ఒట్టి నాటకమని అంతే గట్టిగా అరుస్తాడు. ఇద్దరికీ ఒక్క సందేహం కూడా లేదు. నాకేమో అన్నీ సందేహాలే.

రెండు రోజులకు అత్త మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి మాట సగంలోనే తెగిపోతోంది. “కూలరేసినా… ఇంకా ఎక్కువైపోనాది.”

నాకు అర్థం కాలేదు. ఆ గదికి ఆ కూలర్ సరిగ్గా సరిపోతుంది. కిటికీ బయట స్టాండు మీద నేనే బిగించాను. వెళ్లి పంపు చూశాను, బాగానే ఉంది. గడ్డి ప్యాడ్లు తడిగానే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. అత్త మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది, ఒక్కో ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. థర్మామీటర్ తీస్తే గది బయటికంటే చాలా చల్లగా ఉన్నట్టు చూపించింది. మనిషేమో మునిగిపోతున్నట్టుంది. నా అంకెను నమ్మాలా, ఆమె ముఖాన్ని నమ్మాలా?

వెట్ బల్బ్ తీశాను. బల్బుకు తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ అది. గాలి పొడిగా ఉంటే దాని అంకె మామూలు థర్మామీటర్ కంటే బాగా దిగుతుంది. ఆ గదిలో రెండూ దాదాపు ఒక్కచోటే నిలబడ్డాయి. గాలి నిండా నీరే అన్నమాట. ఎదుటి గోడకున్న మందపాటి పరదా లాగాను. వెనక కిటికీ గడియ పెట్టి ఉంది. వరండా తలుపు కింద పాత చీర కుక్కి ఉంది.

“ఇవెవరు మూశారు మావయ్యా?”

“నానే. ఎండేళ కిటికీలు మూసీమని టీవీలో సెప్పినారు గదా. తప్పేటి?”

తప్పు కాదు. ఏసీ గదికి, కూలర్ లేని గదికి అది మంచి సలహానే. కూలర్ గది వేరు. బయటి గాలి తడి ప్యాడ్ల గుండా లోపలికొచ్చి, అవతలి కిటికీలోంచి పోతూ ఉండాలి. దీన్ని మేం ఎయిర్ చేంజ్ అంటాం, అంటే గదిలో గాలి మారడం. దారి మూస్తే తేమ అక్కడే పేరుకుంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బరువెక్కుతుంది.

కిటికీ తెరిచాను, చీర లాగేశాను. అత్త తన ఇన్‌హేలర్ మందు పీల్చుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్దామని నేను బండి తాళాలు చేతిలో పట్టుకునే కూర్చున్నాను. నెమ్మదిగా ఆమె భుజాలు దిగాయి. మాట రాగానే మొగుడి మీదే పడింది.

“మొన్న పాపమని ఆపీసినావు. నేడు సలహా అని మూసీసినావు. ఆ డబ్బా ఏటి సెప్పినా ఇంటావు. పక్క మంచం మీద నాను ఎగపోస్తంటే నీకినపడదేటి?”

ఆయన నేను లాగేసిన చీరను తీసి మడత పెట్టాడు. నన్ను బయటి దాకా సాగనంపుతూ గేటు దగ్గర మెల్లగా అడిగాడు. “అయితే బాబూ, ప్లాంట్‌లో నాను సేసిన పని… అది తప్పా, కాదా? నువ్వు లెక్కలోడివి, నువ్వు సెప్పు.”

తప్పు కాదని వెంటనే చెప్పాలనిపించింది. కానీ ఆ మాట కూడా టీవీలో వాళ్లలాగే కొలవకుండా అన్నట్టవుతుంది. “అత్త మందులకి, ఈ ఇంటికి, పిల్లల చదువులకి ఆ పనే దారి మావయ్యా. మిగతాది నాకు తెలీదు” అన్నాను. ఆయనకది చాలిందో లేదో కూడా తెలీదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. కూలర్ బిగించాక థర్మామీటర్ తీసే ముందు, ఆ గదిలో పడుకునే మనిషి పక్కన కాసేపు కూర్చుని వాళ్ల ఊపిరి వింటాను. నా అంకె బాగుండి ఊపిరి బాగోకపోతే, అంకెనే మళ్లీ చూసుకుంటాను.