గోడలకన్నా ముందు వచ్చిన పెంకులు

1961 ఎండాకాలంలో ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా గ్రామసేవకుడు. పొదిలి దగ్గర మా ఊళ్లో మహిళా మండలికి నేను కన్వీనర్‌ను, అంటే నలుగురినీ కూడేసి పని నడిపించే మనిషిని. బడి ముఖం చూడకపోయినా, మా నాన్నగారు ఇంట్లో నేర్పిన అక్షరాల పుణ్యమా అని ఆ బాధ్యత నాకొచ్చింది. జూన్ ఆఖరుకు కప్పు వేసిన గది చూపిస్తే కాన్పుల నర్సును మా ఊరికి వేస్తారనీ, లేకపోతే పక్క ఊరికి పంపేస్తారనీ ఆయన చెప్పాడు.

అంతకు ముందటేడు వానల్లో మా ఆడపడుచును కాన్పుకు పొదిలి తీసుకెళ్తుంటే బండి నల్లరేగడిలో దిగబడింది. ఎంత లాగినా కదల్లేదు. ఆ పిల్ల ఆ బండిలోనే కన్నుమూసింది. అందుకే ఆ కబురు విన్నాక, దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా నేను ఆ గదినే ఇమ్మని అడిగేదాన్ని.

మెటీరియల్, అంటే సామాను, పంచాయతీ సమితి ఆఫీసు ఇస్తుంది. పని ఊరివాళ్లు చెయ్యాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక సైదాబీ దగ్గరికి వెళ్లాను. ఏటా గుంటూరు వైపు మిరప కల్లాలకు ఆడకూలీల ముఠాను తీసుకెళ్లే మేస్త్రి ఆమె. మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది.

"ముందు పెంకులు తోలించు చెల్లెమ్మా," అంది.

"ఇంకా పునాదే తియ్యలేదక్కా."

"కాయ కల్లంలో పోశాక చాపల కోసం పరిగెత్తుతామా? కప్పే చాపలు తెచ్చుకున్నాకే కాయ పోస్తాం. వాన పడితే ఆ దారిలో బండి నడవదు. నీకొకరు చెప్పాలా?"

నాకు మా ఆడపడుచు బండి గుర్తొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

రాయీ మట్టీ ఊళ్లోవే గనుక వాటికి తొందర లేదంది. ముందు పెంకులు, వాసాలు దిగాయి. గోడల్లేని ఇంటికి కప్పు పెట్టుకున్నారని ఊరంతా నవ్వింది.

ఇంకో సంగతి కూడా సైదాబీ అప్పుడే చెప్పింది. రైతుల చేత గోడలే పెట్టించాలి. చినుకు పడితే అరకలు కట్టుకుని చేలకు పోతారు, వాళ్లను తప్పు పట్టలేం. కప్పు పని నేతవాళ్లుండే మగ్గాల వీధికి అట్టేపెట్టాలి. ఎండ ఉంటే వాళ్లు నిలువు దారాల పడుగును వీధి పొడుగునా సాచి గంజి పెట్టుకుంటారు. వానొస్తే పడుగు సాచలేరు, చేతులు ఖాళీ.

అనుకున్నదానికన్నా ముందే వాన పట్టుకుంది. అప్పటికి గోడలు లేచాయి, వడ్రంగి వాసాలు బిగించాడు, పైన పెంకు లేదు. ఇంకో గట్టి వాన పడితే మట్టి గోడలు నిలవవు. తెల్లారేసరికి రైతులంతా చేలల్లో ఉన్నారు. సైదాబీ నెత్తిన గోనెసంచి కప్పుకుని మగ్గాల వీధికి బయలుదేరింది. వెనకే నేను.

"మగ్గం గుంటలో కూచుని నేసేవాళ్లం, మమ్మల్ని కప్పెక్కిస్తావా?" అన్నాడు అక్కడి పెద్దాయన.

"గుంటలో నీళ్లూరుతున్నాయి బాబాయ్. అక్కడే కూచుంటే కప్పలైపోతారు. ఎక్కండి."

నవ్వుకుంటూనే లేచారు. వడ్రంగి చూపిస్తుంటే వరసగా నిలబడి, వానకూ వానకూ మధ్య పెంకులు చేతులు మార్చుకుంటూ పైకి అందించారు. నూలు పోగుల్ని పట్టుకున్నంత పదిలంగా పట్టుకున్నారు.

నెలాఖరున ఓవర్‌సీరు, అంటే కట్టడాలు చూసే అధికారి, మోకాలి లోతు బురదలో నడిచొచ్చాడు. కప్పు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఈ దారిలో పెంకులెట్లా తెచ్చారండీ?"

"దారి ఉన్నప్పుడు తెచ్చాం బాబూ," అంది సైదాబీ.

నర్సు వచ్చింది. ఆ వానల్లోనే మగ్గాల వీధి కోడలు ఒకామె నొప్పులొస్తుంటే నడుచుకుంటూనే ఆ గదికి వెళ్లి, ఆడపిల్లను కన్నది. ఆ బిడ్డ ఏడుపు విని నేను గుమ్మంలోనే దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత ఏ పని తలపెట్టినా, వానొస్తే ఏది ఆగిపోతుందో, ఎవరికి తీరిక దొరుకుతుందో ముందు అడిగి మరీ మొదలుపెట్టాను. ఆ బుద్ధి నాకిచ్చిన సైదాబీ ఇప్పుడు లేదు. మీ ఇంట్లో తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారన్న కబురు విన్నరోజున, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక, ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి.