చెంగు కప్పిన దుంపలు

బొగ్గింజను రోజుల్లో ఓసారి, నల్లపాడులో రైలెక్కిన పెద్దావిడ నా పక్కనే కూర్చుంది. ఆమె గంప నిండా చిలగడదుంపలు. అమ్మకానికేమో అనుకుని ధర అడిగాను.

"అమ్మేవి కాదమ్మా. మా పెరట్లోయే. మా గేదె తినగా మిగిలినయ్యి, కూతురి గేదెకి పట్టుకెళుతున్నా."

నాకు కళ్లు కుట్టాయి. ఎండుగడ్డి నమిలే మా గేదె, పిల్లాడికి చాలినన్ని పాలు కూడా ఇచ్చేది కాదు.

"మీ గేదె పూటకి ఎన్ని పాలిస్తుంది పిన్నిగారూ?"

ఆమె గంప మీద చెంగు కప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. దిగేటప్పుడు మాత్రం ఒక దుంప నా ఒళ్లో పెట్టి, "పెరట్లో పెట్టుకో అమ్మాయ్" అంది.

జాలిపడి ఇచ్చిందో, నా దిష్టి తగలకూడదని ఇచ్చిందో తెలియదు. పెరట్లో పెట్టాను, తీగలు అల్లుకున్నాయి. అవి మేసి మా గేదె చెంబు నిండా పాలివ్వసాగింది. ఆ తర్వాత ఏ పొరుగావిడ పాల సంగతి అడిగినా, నా చెయ్యి దానంతటదే చెంబు మీదికి చెంగు లాగేది.